ఖాళీ సీటులో పోచయ్య

"సంతకం పెట్టెయ్యమ్మా. ఇక్కడితో పోతుంది," అన్నాడు సోమేశ్వరరావు, పెన్ను మూత తీసి మరీ అందిస్తూ.

కళ్యాణి ఆ పెన్ను వంక చూడనైనా లేదు.

"నేను తప్పు కొట్టలే సార్. కొట్టని తప్పుకు సంతకం ఎట్ల పెడ్త?"

పొద్దుటి నుంచీ ఆమెది అదే మాట. తలుపు దగ్గర నిలబడి వింటున్న డిటెక్టివ్ మెర్సీ ముందుకొచ్చి టేబుల్ మీది కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. టైపు చేసిన రెండే వాక్యాలు. ‘నా చేతి పొరపాటు వల్ల అకౌంట్ నంబరు తప్పుగా కొట్టాను. దీనికి పూర్తి బాధ్యత నాదే.’ కింద సంతకానికి ఖాళీ జాగా, దాని కింద కళ్యాణి పేరు.

"ఎంత దయగా రాశారండీ మేనేజరు గారూ," అంది మెర్సీ. "ఇది పొరపాటు ఒప్పుకునే కాగితంలా ఉంది గానీ, సంతకం పడ్డాక జైలుకి టిక్కెట్టు."

సోమేశ్వరరావు నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. పినాక డేటా సర్వీసెస్‌లో ప్రాజెక్ట్ మేనేజర్ ఆయన. నలభై అయిదేళ్ళ మనిషి, మెత్తని మాట, ఇస్త్రీ చెదరని చొక్కా. ఆడపిల్ల కోర్టుల చుట్టూ తిరగకూడదనే తన తాపత్రయమని చెప్పుకొచ్చాడు.

జరిగింది ఇదీ. శ్రీపర్వత సహకార బ్యాంకు ఖాతాలన్నిటినీ పుస్తకాల్లోంచి కంప్యూటర్లలోకి ఎక్కించే కాంట్రాక్టు పినాకది. రెండువేల సంవత్సరం వచ్చేలోపు పని పూర్తి కావాలని హైటెక్ సిటీ టవర్‌లో నాలుగో అంతస్తు మొత్తం పరుగులు పెడుతోంది. ఆ బ్యాంకు రోజువారీ డబ్బు బదిలీలు కూడా నెల రోజులుగా ఇక్కడి నుంచే నడుస్తున్నాయి. నానక్‌రామ్‌గూడలో పరంజా కూలి దెబ్బతిన్న కూలీల ఆసుపత్రి ఖర్చుల కోసం బిల్డర్లు ఇచ్చిన సొమ్ము సోమవారం నాడు కార్మిక సహాయ నిధి అకౌంట్‌కి వెళ్ళాలి. దాని నంబరు 247157. సొమ్ము వెళ్ళింది 274150కి. ఆ సాయంత్రమే ఎవరో బేరర్ చెక్కుతో మొత్తం డ్రా చేసుకుపోయారు. ఎంట్రీ ఇక్కడి ఆపరేటర్ కళ్యాణి లాగిన్ మీద పడింది. 274150 ఎవరిదని చూస్తే, పోచయ్యది. కళ్యాణి తండ్రిది.

ఓ బిల్డింగ్ సైట్‌లో వాచ్‌మెన్‌గా ఉన్న పోచయ్య తమకు ఏ బ్యాంకులోనూ పైసా లేదని మొత్తుకున్నాడు. అతని భార్య లచ్చమ్మ తెల్లారేసరికల్లా మూసాపేటలో మెర్సీ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. "నా బిడ్డ దొంగ కాదమ్మా," అన్న ఒక్క మాట తప్ప ఆవిడ దగ్గర సాక్ష్యమేమీ లేదు. మెర్సీకి అది చాలింది.

"ఏంది మేడమ్, మళ్ళ మీరేనా?" అంటూ లోపలికొచ్చాడు ఇన్‌స్పెక్టర్ రామ్మోహనరావు. వెనకే ఇద్దరు కానిస్టేబుళ్ళు. "పోయిన కేసుల పేపర్ల మీ ఫొటో వచ్చింది. ఈసారన్న నాది రానియ్యుండ్రి జర."

"అమాయకురాల్ని లోపలేస్తే తప్పకుండా వస్తుంది ఇన్‌స్పెక్టర్ గారూ. మొదటి పేజీలోనే."

అతని నవ్వు సగంలో ఆగిపోయింది. వాచీ చూసుకున్నాడు. నాలుగింటికి పిల్లను స్టేషన్‌కి తీసుకెళ్తానని, ఆలోపు మెర్సీ తన పాండిత్యమంతా వల్లించుకోవచ్చని చెప్పి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గోడ గడియారంలో మూడుంబావు.

మెర్సీ కళ్యాణి ఎదురుగా కూర్చుంది.

"సోమవారం ఏం కొట్టావమ్మా?"

"247157. కాయితం మీద ఎట్లున్నదో అట్ల."

"ఆ తర్వాత?"

"లంచ్‌కి పోయిన."

"లాగౌట్ చేశావా?"

కళ్యాణి మొదటిసారి తల దించుకుంది. చెయ్యలేదని చెప్పింది. ఒకసారి బయటికొస్తే బ్యాంకు లైను మళ్ళీ దొరకడానికి పావుగంట పడుతుందట. అందుకని ఆ హాల్లో ఎవరూ భోజనానికి వెళ్తూ మిషన్ కట్టెయ్యరు. స్క్రీన్ మీద రుమాలు కప్పి వెళ్ళిపోతారు. రుమాలు ఉందంటే మనిషి వస్తుందని అర్థం. ఒకరి రుమాలు ఇంకొకరు తియ్యకూడదన్నది వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు.

"తిరిగొచ్చేసరికి నీ రుమాలు ఎలా ఉంది?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. "మడత పెట్టి పక్కకున్నది మేడమ్. నేను మడత పెట్టను, అట్లనే ఏస్త. స్వీపరామె తుడిచి పెట్టిందేమో అనుకున్న."

రామ్మోహనరావు ఆవులించాడు. "రుమాలు మడత మీద కేసు కొట్టేస్తరా ఏంది మేడమ్? స్టేషన్ల కూసుండబెడితే అంకెలు అటు ఇటు అయినయని ఆమెనే ఒప్పుకుంటది, అంతే కద."

"అంతే కదా. అయితే మీరే ఆ తప్పు చేసి చూపించండి."

"ఏంది?"

"కళ్యాణి చేసిందంటున్న తప్పు. మీ చేత్తో మీరే కొట్టండి. మీ వల్ల అయితే నేను ఇప్పుడే మెట్లు దిగి వెళ్ళిపోతాను."

హాల్లో ఆపరేటర్ల వేళ్ళు ఆగిపోయాయి. అందరూ చూస్తుండగా వెనక్కి తగ్గే మనిషి కాడు ఇన్‌స్పెక్టర్. కళ్యాణి మిషన్ ముందు కూర్చుని చూపుడువేలు సాచాడు. ప్రోగ్రామ్ రాసిన కుర్రవాడు బెన్నీని మెర్సీ దగ్గరికి పిలిచింది. ఈ పరీక్ష బ్యాంకు లెక్కల్లోకి పోకుండా చూడమంది. బెన్నీ ఏదో మీట నొక్కి సరేనన్నాడు.

రామ్మోహనరావు 4, 7 తారుమారు చేసి 274157 కొట్టాడు. మిషన్ కీచుమంది. స్క్రీన్ మీద ‘చెల్లని నంబరు’ అని పడింది. అదే కూత హాలు చివర ఉన్న పెద్ద మానిటర్‌లోంచి కూడా వినిపించింది. ఎవరు ఏ మిషన్ మీద చెల్లని నంబరు కొట్టినా ఆ సూపర్‌వైజర్ స్క్రీన్ మీదకి వస్తుందని, పక్కనే మిషన్ నంబరు కూడా పడుతుందని బెన్నీ చెప్పాడు.

రెండోసారి మొదటి రెండంకెలు తిప్పి 427157 కొట్టాడు. కూత. మూడోసారి అన్నీ సరిగా కొట్టి చివర ఏడుకి బదులు సున్నా కొట్టాడు. మళ్ళీ కూత. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏందయ్యా ఈ మిషను?" అని బెన్నీని గద్దించాడు.

"మిషన్ తప్పు కాదండీ, దాని పనే అది," అంది మెర్సీ బోర్డు దగ్గరికి నడుస్తూ. "అకౌంట్ నంబరు చివరి అంకె ఊరికే ఉండదు. కాపలా ఉంటుంది. చెక్ డిజిట్ అంటారు. మొదటి అయిదంకెల్నీ వరసగా ఆరుతో, అయిదుతో, నాలుగుతో, మూడుతో, రెండుతో గుణించి కూడండి. పదకొండుతో భాగించండి. మిగిలిన శేషమే చివరి అంకె."

24715 వేసి గబగబా లెక్క కట్టింది. పన్నెండు, ఇరవై, ఇరవై ఎనిమిది, మూడు, పది. మొత్తం డెబ్బై మూడు. పదకొండు ఆర్లు అరవై ఆరు పోతే ఏడు. చివర ఏడు.

"ఒక్కో స్థానానికీ ఒక్కో గుణకం కాబట్టి ఒక అంకె తప్పుపడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా శేషం మారిపోతుంది. కాపలావాడు ఆపేస్తాడు. చెయ్యి జారితే ఆ సొమ్ము గడప దాటదు ఇన్‌స్పెక్టర్ గారూ. దాటిందంటే జారింది చెయ్యి కాదు."

రామ్మోహనరావు స్క్రీన్ వైపు తిరిగి నెమ్మదిగా 274150 కొట్టాడు. మిషన్ కిమ్మనలేదు. తెర మీద పోచయ్య పేరు పడింది. ఖాతా తెరిచిన సంవత్సరం, 1989.

"పోనిచ్చింది చూడుండ్రి," అన్నాడు లేచి నిలబడి, గొంతులో జోరు తిరిగొచ్చింది. "మీరే చెప్తున్నరు చెయ్యి జారలేదని. కావాల్నని కొట్టింది. మీరు నా కేసు ఇంక గట్టిగ చేసిండ్రు. థాంక్స్ మేడమ్."

కళ్యాణి మొహం పాలిపోయింది. సోమేశ్వరరావు ఆమె భుజం తట్టి, అందుకే పొరపాటని రాసిమ్మంటున్నానని మెల్లగా గుర్తుచేశాడు. పెన్ను ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"ఆగండి," అంది మెర్సీ. "లెక్క ఇంకా అవలేదు."

బోర్డు మీద 27415 వేసింది. పన్నెండు, ముప్పై అయిదు, పదహారు, మూడు, పది. డెబ్బై ఆరు. అరవై ఆరు పోగా పది.

"శేషం పది. చివర ఉన్నది ఒక్క అంకెకే చోటు. పదిని అందులో ఎలా కూర్చోబెడతారు?"

"సున్నా పెడ్తరు."

"మిషన్ పెడుతుందేమో. బ్యాంకు పెట్టదు. శేషం పది వచ్చిన నంబరుని ఆ బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు, దాటేసి తరవాతి నంబరు ఇచ్చేది. ఖాళీ సీటు అనేవాళ్ళం. బస్సులో విరిగిపోయిన సీటుంటే ఎవర్నీ కూర్చోనివ్వం చూడండి, అలాగ."

"అనేవాళ్ళమా? ఎవరు?"

"పోలీసులకి పని తగ్గించే ఈ ఉద్యోగంలోకి రాకముందు మూడేళ్ళు నేను ఆ బ్యాంకులో గుమాస్తాని. 1989లో కొత్త ఖాతాల కౌంటర్ నాదే. ఆ ఖాళీ సీట్లన్నీ దాటించిన చెయ్యి ఇదే." అరచెయ్యి చాచి చూపించింది. "27415 నేను ఎవరికీ ఇవ్వలేదు. పోచయ్యకి అసలే ఇవ్వలేదు. ఆయన అప్పటికి ఈ ఊరే రాలేదు."

"మా నాయిన తొంభై అయిదుల వచ్చిండు," అంది కళ్యాణి వెంటనే. "అంతకుముందు సిద్దిపేట కాడ మోటు పని చేస్తుండె."

రామ్మోహనరావు బోర్డు దగ్గరికి వెళ్ళి పెదాలు కదుపుతూ ఆ కూడిక తనే చేసుకున్నాడు. అతను మొండివాడే గానీ మొద్దు కాడు.

"అంటే ఎవడో కొత్తగ పోచయ్య పేరు ఆ సందుల కూసుండబెట్టిండు అంటరు."

"బ్యాంకులో ఎవరూ వెతకని సందు. అసలు నంబరుకి పొరపాటులా కనిపించే సందు. దానిలో ఆపరేటర్ తండ్రి పేరు. తప్పులా కనిపించేలా తీరిగ్గా తయారుచేసిన తప్పండీ ఇది. కొట్టినవాడికి రెండు సంగతులు తెలుసు. పది అనే ఖాళీ ఉందని, ఈ ప్రోగ్రామ్ దాన్ని సున్నా చేసి పోనిస్తుందని." మెర్సీ చటుక్కున తిరిగింది. "బెన్నీ, పదిని సున్నా చేసిందెవరు?"

బెన్నీ కుర్రవాడే, పాతికేళ్ళుంటాయి. ఇన్‌స్పెక్టర్ వంక, మేనేజర్ వంక మార్చి మార్చి చూశాడు.

"నేనే రాశాను మేడమ్. కానీ ముందు అలా రాయలేదు. పది వస్తే ఆపెయ్యమనే పెట్టాను. తర్వాత..."

"చెప్పు. నీ మీదకి రాకూడదనుకుంటే ఇప్పుడే చెప్పాలి."

"సార్ మార్చమన్నారు," అన్నాడు బెన్నీ, సోమేశ్వరరావు వైపు చూడకుండా. "టైమ్ లేదు, బ్యాంకువాళ్ళు అడిగారన్నారు."

సోమేశ్వరరావు తొణకలేదు. అది నిజమేనని, బ్యాంకు వాళ్ళే అడిగారని, వాళ్ళ ఉత్తరం కూడా ఉండాలని అన్నాడు. పోచయ్య పేరు ఎవరు ఎక్కించారో తనకెలా తెలుస్తుందని ఎదురు అడిగాడు.

"మీకు తెలియకపోయినా పోచయ్యకి తెలుసు లెండి," అంది మెర్సీ. "పొద్దున సైట్ దగ్గర పోచయ్యతో మాట్లాడాను. రెండు నెలల కిందట ఎవరో సారు తెల్ల కారులో వచ్చి, వాచ్‌మెన్లకి జీతం అకౌంట్లు తెరుస్తామని ఫొటోలూ సంతకాలూ పట్టుకుపోయాడట. పేరు తెలియదు, మొహం చూస్తే గుర్తుపడతానన్నాడు."

"మా జవాను ఇందాకనే తీస్కొచ్చిండు," అన్నాడు రామ్మోహనరావు. "కింద రిసెప్షన్ల కూసున్నడు. ఇగ పైకి పిలుస్తం."

"పిలవండి, నాకేం అభ్యంతరం? ఈలోపు నేను బ్యాంకుకి ఫోన్ చేసి ఆ ఉత్తరం ఫ్యాక్స్ చేయించుకుంటాను," అని సోమేశ్వరరావు లేచాడు. పెన్ను మూత పెట్టి కాగితం మీద ఉంచి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ అడ్డు చెప్పలేదు. మెర్సీ కూడా చెప్పలేదు. ఆ తర్వాత చాలాసేపు ఆ సంగతికి తనను తాను తిట్టుకుంది.

కానిస్టేబుల్ ఒకతను లిఫ్ట్ కోసం వెళ్ళాడు. లిఫ్ట్ ఏడో అంతస్తులో ఉంది. రామ్మోహనరావు బెన్నీని ప్రశ్నలతో వాయించడం మొదలుపెట్టాడు. ఎంత మంది ఆ ప్రోగ్రామ్ చూశారు, తాళాలు ఎవరి దగ్గరుంటాయి, సోమవారం లంచ్ టైములో ఎవరెక్కడున్నారు.

అప్పుడు వినిపించింది కూత.

హాల్లో ఎవరి వేలూ కీబోర్డు మీద లేదు. కళ్యాణి చేతులు ఒళ్ళో ఉన్నాయి. బెన్నీ చేతులు గాల్లో ఉన్నాయి. అందరి తలలూ ఒకేసారి సూపర్‌వైజర్ స్క్రీన్ వైపు తిరిగాయి.

చెల్లని నంబరు. 592620. మిషన్ 1.

"మిషన్ ఒకటి ఎక్కడ?" అంది మెర్సీ.

బెన్నీ వేలితో చూపించాడు. మేనేజర్ గది.

రెండో కూత రాలేదు. అంటే రెండోసారి సరిగ్గా కొట్టాడన్నమాట. మెర్సీ సుద్దముక్క అందుకుంది. కంగారులో వేళ్ళు జారితే మామూలుగా తారుమారయ్యేవి పక్కపక్క అంకెలే. 9, 2 తిరగేసింది. 52962. ముప్పై, పది, ముప్పై ఆరు, పద్దెనిమిది, నాలుగు. తొంభై ఎనిమిది. ఎనభై ఎనిమిది పోతే, పది.

"ఇంకో ఖాళీ సీటు," అంది. "బెన్నీ, 529620 తెరువు. ఎవర్ని కూర్చోబెట్టాడో చూద్దాం."

బెన్నీ కొట్టాడు. తెర మీద పేరు పడింది. మెర్సీ. డిటెక్టివ్, మూసాపేట. పొద్దున తను మేనేజర్‌కి ఇచ్చిన విజిటింగ్ కార్డులోని అడ్రసు అక్షరం పొల్లు పోకుండా ఉంది. కింద, రెండు మూడు నిమిషాల కిందట జమ అయిన సొమ్ము. యాభై వేలు.

రామ్మోహనరావు చెయ్యి మెర్సీ మోచెయ్యి మీద పడింది. గట్టిగానే పడింది.

"మేడమ్, మీ పేరు మీద..."

"నా పేరు మీదే. సంకెళ్ళు వెయ్యాలనుంటే వెయ్యండి, పారిపోను." ఆమె చెయ్యి విడిపించుకోలేదు, గొంతు మాత్రం కొరడాలా లేచింది. "కానీ ముందు పది అడుగులు నడిచి ఆ తలుపు తియ్యండి. ఆ కూత వచ్చినప్పుడు నేను మీ పక్కన నిలబడి ఉన్నాను. కళ్యాణి మీ ఎదురుగా ఉంది. మరి లోపల జారిన వేలు ఎవరిది?"

అతని పట్టు సడలింది. మరుక్షణం అతని భుజం మేనేజర్ గది తలుపుకి తగిలింది. రెండో దెబ్బకి గొళ్ళెం ఊడింది.

గది ఖాళీ. ఫోన్ రిసీవర్ పెట్టినచోటే ఉంది. కంప్యూటర్ వెలుగుతోంది. పక్క గోడలో మెట్లవైపు తెరుచుకునే తలుపు బార్లా తెరిచి ఉంది.

మెర్సీ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. కింద పోర్టికోలోంచి తెల్ల కారు ఒకటి బయటికొస్తోంది. డ్రైవింగ్ సీట్లో ఇస్త్రీ చెదరని చొక్కా. పక్క సీట్లో ఖాకీ యూనిఫారం. టోపీ ఒళ్ళో పెట్టుకుని, పెద్ద సారు పిలిచాడని వినయంగా ఒదిగి కూర్చున్న పోచయ్య.

"నాయినా," అంది కళ్యాణి, అద్దానికి రెండు చేతులూ ఆనించి. ఆ గొంతు నాలుగంతస్తుల కిందికి చేరదని ఆమెకి తెలుసు.

రామ్మోహనరావు వాకీటాకీలో గేటుకి అడ్డం పెట్టమని అరిచాడు. అప్పటికే కారు గేటు దాటి గచ్చిబౌలి వైపు తిరిగింది. మెట్ల వైపు దూకబోతున్న అతన్ని కళ్యాణి అడ్డంగా వచ్చి ఆపింది. ఏడుస్తుందనుకున్నారందరూ. ఆమె ఏడవలేదు. టేబుల్ మీది పెన్ను తీసుకుంది. మూత తీసింది.

పొద్దుటి నుంచి తన ముందు పెట్టిన కాగితం మీద తన పేరు కొట్టేసింది. దాని పక్కన సోమేశ్వరరావు పేరు రాసింది.

‘నా చేతి పొరపాటు వల్ల అకౌంట్ నంబరు తప్పుగా కొట్టాను. దీనికి పూర్తి బాధ్యత నాదే.’

"ఇప్పుడిది నిజం సార్," అంది, కాగితం ఇన్‌స్పెక్టర్ జేబులో కుక్కుతూ. "సంతకం ఆయనతోని పెట్టియ్యుండ్రి. ముందుగాల మా నాయినను తీస్కరాండ్రి."

మెర్సీ అప్పటికే మూడో అంతస్తు మెట్ల మీద ఉంది. వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ బూట్ల చప్పుడు, అంతకంటే వేగంగా కళ్యాణి చెప్పుల చప్పుడు.

"జీపు తాళాలు ఇలా పడెయ్యండి," అంది మెర్సీ తల తిప్పకుండా. "ఈ దారుల్లో మీకంటే నేనే వేగంగా నడుపుతాను."

ఒక్క మెట్టు ఆలస్యంతో తాళాలు గాల్లో ఎగురుతూ వచ్చి ఆమె చేతిలో పడ్డాయి.